తొమ్మిది పేర్ల చీటీ: సమోవా దీవుల్లో బహాయిల తొలినాళ్ళు

పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా పేరెత్తితే బహాయిలు ఎవరైనా ముందు రాజుగారి సంగతే చెబుతారు. మాలియెతోవా తనుమాఫిలి, ఆ పేరున రెండో ఆయన. గద్దె మీద ఉండగానే బహాయి ధర్మాన్ని స్వీకరించిన మొట్టమొదటి దేశాధినేత. అది చిన్న సంగతేమీ కాదు, ఆయన దగ్గరికి తర్వాత వద్దాం. ఆ దీవుల తొలినాళ్ళు తలుచుకున్నప్పుడు నా మనసు వెళ్ళి ఆగేది మాత్రం ఒక కాగితం ముక్క దగ్గర. దాని మీద తొమ్మిది పేర్లుంటాయి. రాసినవాళ్ళ పేరు ఉండదు. మడిచి పెట్టెలో వేస్తారు. సమోవాలో తొలి స్థానిక ఆధ్యాత్మిక సభ, అంటే ఊళ్ళో బహాయిల వ్యవహారాలు చూసే తొమ్మిదిమంది సభ, ఏర్పడింది 1961లో. దేశ పార్లమెంటుకు ఓటేసే హక్కు లేని సమోవన్ ఆడమనిషి కూడా తన సభ కోసం ఆ చీటీ రాయగలిగేది. ఈ ముక్క తెలిసిన దగ్గర్నుంచీ ఆ రోజులంటే నాకు అభిమానం ఇంకా పెరిగింది.

కథకు మొదలు 1916. మొదటి ప్రపంచయుద్ధం జరుగుతోంది. బహాయి ధర్మ స్థాపకుడు బహావుల్లా పెద్దకొడుకు అబ్దుల్ బహా పాలస్తీనాలో ఉండి, అమెరికా, కెనడా బహాయిలకు ఆ ఏడూ మరుసటి ఏడూ కలిపి 14 లేఖలు రాశారు. ఇల్లూ ఊరూ వదిలి ఎక్కడెక్కడికి వెళ్ళాలో దేశాల పేర్లూ దీవుల పేర్లూ వరసపెట్టి చెప్పారు వాటిలో. ఆ వరసలో సమోవా ఉంది. యుద్ధం వల్ల ఆ లేఖల్లో చాలావరకు 1919 దాకా అమెరికా చేరనేలేదు. చేరాక వాటిని విని కదిలినవాళ్ళలో హైడ్ డన్, క్లారా డన్ దంపతులున్నారు. హైడ్‌కి అప్పటికే అరవై దాటాయి. 1920లో ఆస్ట్రేలియాకు ఓడెక్కి, దారిలో సమోవాలో ఆగారు. ఆగారు, వెళ్ళిపోయారు. ఆ తర్వాత 34 ఏళ్ళు అక్కడ ఏమీ జరగలేదు. కానీ సిడ్నీలో దిగిన ఆ ఇద్దరూ ఆస్ట్రేలియాలో ఒక బహాయి సమాజానికి ప్రాణం పోశారు. 1954 జనవరిలో సమోవా రాజధాని అపియాలో అడుగుపెట్టిన లిలియన్ విస్ వచ్చింది ఆ ఆస్ట్రేలియా నుంచే. దారిలో ఆగి వెళ్ళినవాళ్ళు తెలియకుండానే బాకీ తీర్చారని నాకనిపిస్తుంది.

ఆమె రావడం వెనక ఒక ప్రణాళిక ఉంది. అబ్దుల్ బహా మనవడు షోఘి ఎఫెండి అప్పటి ధర్మ సంరక్షకుడు. 1953 రిద్వాన్ పండుగ నుంచి 1963 రిద్వాన్ దాకా పదేళ్ళు గడువు పెట్టారు. అప్పటిదాకా ఒక్క బహాయి కూడా లేని 131 ప్రాంతాల పట్టిక ప్రకటించి, వాటిల్లో కొందరైనా వెళ్ళి స్థిరపడాలన్నారు. అలా ముందుగా చేరినవాళ్ళకు 'నైట్ ఆఫ్ బహావుల్లా' అన్న బిరుదు దక్కింది. ఆ పేర్ల పట్టికను 1992లో, బహావుల్లా గతించి నూరేళ్ళయినప్పుడు, ఆయన సమాధి మందిరం గుమ్మం దగ్గర నేలలో నిక్షిప్తం చేశారు. సమోవాకు అందులో ఉన్న పేరు లిలియన్ విస్‌ది.

బిరుదు వినడానికి ఘనంగా ఉంటుంది. అక్కడి బతుకు అలా ఉండదు. ఈ ధర్మంలో పురోహితులు లేరు, పాదిరీలు లేరు, ప్రచారానికి జీతం లేదు. పయనీర్‌గా, అంటే ధర్మం కోసం కొత్త చోట స్థిరపడడానికి, వెళ్ళిన మనిషి ముందు ఉద్యోగం చూసుకోవాలి, లేదా చేతివృత్తి ఏదైనా ఉండాలి. అద్దె కట్టుకోవాలి. భాష నేర్చుకోవాలి. ఆ కాలంలో పశ్చిమ సమోవా, అంటే ఇప్పటి సమోవా, ఐక్యరాజ్యసమితి ధర్మకర్తృత్వం కింద న్యూజీలాండ్ పాలనలో ఉండేది. బయటివాళ్ళు ఉండాలంటే ఆ పాలకుల అనుమతి కావాలి. చేరడానికి ఓడ, కాదంటే నీళ్ళ మీద దిగే టీల్ కంపెనీ విమానం. అది ఆక్లండ్ నుంచి ఫిజీలోని సువా మీదుగా వచ్చి ఉపోలు దీవిలో సతపువాలా దగ్గర కడలి నీళ్ళలో వాలేది. ఉత్తరం వేస్తే జవాబు రావడానికి వారాలు పట్టేది. ఇలాంటి చోట్ల చాలామంది పయనీర్లు వెనుదిరిగింది విశ్వాసం తగ్గి కాదు, ఉద్యోగం దొరక్కో, అనుమతి గడువు ముగిసో. నిలబడ్డవాళ్ళు మొదటి ఏడాది ధర్మం గురించి మాట్లాడింది తక్కువ. పొరుగువాళ్ళతో బంధుత్వం కలుపుకోవడంలోనే ఏడాది గడిచిపోతుంది.

పైగా సమోవా అప్పటికే నిలువెల్లా క్రైస్తవం. 1830లో జాన్ విలియమ్స్ అనే మిషనరీ సవాయి దీవిలోని సపపాలీ ఊరికి ఓడలో వచ్చినప్పుడు ఆయన్ని ఆదరించింది అప్పట్లో మాలియెతోవా పట్టం ఉన్న వైనూపో. అంతకు ముందే నఫానువా అనే యోధురాలు, దేవతగా కొలిచే మనిషి, నీ ఏలుబడికి కిరీటం స్వర్గం నుంచి వస్తుంది, కాచుకుని ఉండు అని ఆ వంశానికి జోస్యం చెప్పిందని సమోవన్లు చెప్పుకుంటారు. మిషనరీల రాకను ఆ జోస్యం ఫలించడంగానే తీసుకున్నారు. 1855 నాటికి బైబిలు మొత్తం సమోవన్ భాషలోకి వచ్చేసింది. సమోవాకు పునాది దేవుడే అన్నది దేశ రాజముద్ర మీది మాట. పొద్దు వాలగానే ఊళ్ళో శంఖమో గంటో మోగుతుంది, దారిన నడిచేవాళ్ళు ఆగిపోతారు, ప్రతి ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. దాన్ని సా అంటారు. ఇంత భక్తి ఉన్న జనం దగ్గరికి వెళ్ళి దేవుణ్ణి కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు.

అందుకే అక్కడ మాట మొదలయ్యేది క్రీస్తు దగ్గరే. బహాయి విశ్వాసంలో క్రీస్తును వదులుకోవడం అన్నది లేదు. దేవుడు ఒక్కడే, ఆయన యుగానికి తగ్గట్టు ఒక్కో దివ్యావతారాన్ని పంపుతూ వచ్చాడు, మోషే, జరతుష్ట్ర, కృష్ణుడు, బుద్ధుడు, క్రీస్తు, మహమ్మదు అందరూ ఆ వరసలోని వాళ్ళే, ఈ యుగానికి వచ్చింది బహావుల్లా. మళ్ళీ వస్తానన్న క్రీస్తు మాట ఈయన రాకతో నెరవేరిందన్నదే అసలు చర్చ. మనవైపు వాళ్ళకు సంభవామి యుగే యుగే అన్నది చిన్నప్పటి నుంచీ చెవిన పడ్డ మాట, కాబట్టి ఈ వరస పెద్దగా ఇబ్బంది పెట్టదు. సమోవాలో మాత్రం ప్రతి వాక్యానికీ బైబిలు తెరిచి చూపించమనేవాళ్ళే ఎక్కువ. తొమ్మిదేళ్ళ పిల్లకు కూడా వచనాలు కంఠతా వచ్చే సమాజంలో అది సహజం. యెషయా, దానియేలు, ప్రకటన గ్రంథం చదివి ఉండకపోతే అక్కడ నాలుగు మాటలు కూడా సాగవు.

ఈ ధర్మం పుట్టుక కూడా రెండు ముక్కల్లో చెప్పాలి. 1844 మే 22 రాత్రి షిరాజ్‌లో సయ్యద్ అలీ మహమ్మద్ అనే పాతికేళ్ళు నిండని వర్తకుడు, తాను బాబ్‌ననీ, అంటే ద్వారమనీ, తన తర్వాత మరో మహనీయుడు రానున్నాడనీ ప్రకటించాడు. 1850 జులై 9న తబ్రీజ్‌లో ఆయన్ని కాల్చి చంపారు. టెహ్రాన్ ప్రభువుల బిడ్డ మీర్జా హుసేన్ అలీ, బహావుల్లాగా మనకు తెలిసిన ఆయన, 1852లో భూగర్భ చెరలో పడ్డాడు. ఆస్తి పోయింది. అక్కణ్ణుంచి బాగ్దాద్, ఇస్తాంబుల్, ఎడిర్నె, చివరికి 1868లో అక్కా కోట. నలభయ్యేళ్ళు చెరలోనూ ప్రవాసంలోనూ గడిచిపోయాయి. బాగ్దాద్ వదిలే ముందు 1863 ఏప్రిల్, మే నెలల్లో ఒక తోటలో 12 రోజులున్నప్పుడు తన స్థానాన్ని ప్రకటించాడు. ఆ రోజులే రిద్వాన్. తర్వాత తాను ఖైదీగా ఉంటూనే రాజులకు లేఖలు రాశాడు. మూడో నెపోలియన్, విక్టోరియా రాణి, రష్యా జారు, ఇరాన్ షా, పోప్ తొమ్మిదో పయస్. వాళ్ళెవరూ ఆ పిలుపు అందుకుని ముందుకు రాలేదు. ఈ లేఖల సంగతి గుర్తుంచుకోండి, సమోవా రాజుగారి దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

ఊరి కట్టుబాటే అసలు సంగతి. సమోవాలో ప్రతి విస్తరించిన కుటుంబానికి, ఆయింగ అంటారు, ఒక పెద్ద ఉంటాడు, ఆయన మతాయి. మతాయిలందరూ కూడితే ఊరి సభ, ఫోనో. ఊళ్ళో ఏ మతం ఉండాలో ఫోనో చెప్పగలదు, కాదన్న కుటుంబానికి జరిమానా వేయగలదు, ఊరి నుంచి వెలివేయనూ గలదు. బహాయి ధర్మమేమో సత్యాన్ని ఎవరికి వారే వెతుక్కోవాలంటుంది. బాప్తిస్మం లేదు, దీక్ష లేదు. మనసుకు పట్టినట్టు తానే చెప్పాలి. బహాయి ఇంట్లో పుట్టిన బిడ్డ కూడా 15 ఏళ్ళు నిండాక సొంతంగా చెప్పుకోవాల్సిందే. ఇంటిపెద్ద మాట మీద నలభైమంది ఒక్కసారిగా వచ్చి చేరితే సంఖ్య బాగుంటుంది కానీ, ఆ పెద్ద మనసు మారిన రోజున నలభైమందీ వెళ్ళిపోతారు. సమోవాలో తొలి ఏడేళ్ళు నత్తనడకన సాగడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. ఆ నెమ్మదితనం మంచే చేసింది.

పార్లమెంటు ఓటు మాట ముందే అన్నాను. 1962 జనవరి 1న దేశం స్వతంత్రమైంది. ఎన్నికల చట్టం ప్రకారం సమోవన్ నియోజకవర్గాలకు ఓటు వేయగలిగింది మతాయిలు మాత్రమే. పట్టం ఉన్నవాళ్ళలో ఆడవాళ్ళు బహు కొద్దిమంది. 21 దాటిన ప్రతి మనిషికీ ఓటు రావడం 1990 ప్రజాభిప్రాయ సేకరణ తర్వాతే, అలా జరిగిన మొదటి ఎన్నిక 1991లో. అంటే ముప్పై ఏళ్ళ ముందే బహాయి సభ ఎన్నికలో పట్టం లేని మగవాడు, పెళ్ళికాని ఆడపిల్ల, ముసలమ్మ అందరూ సమానంగా ఓటేశారు.

ఎలా వేసేవాళ్ళో వివరంగా చెబుతాను, ఎందుకంటే ధర్మం ఏమిటో ఉపన్యాసాల కంటే ఈ పద్ధతిలోనే బాగా తెలుస్తుంది. ఎన్నిక ఏటా రిద్వాన్ మొదటి రోజున. అప్పట్లో అది ఏప్రిల్ 21. బహాయి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి 20వ తేదీ పొద్దుగూకాక ఎప్పుడైనా జరపొచ్చు. ఆ రోజుల్లో ఊళ్ళో 21 నిండిన బహాయిలు తొమ్మిదిమందికి తక్కువైతే సభ లేదు. సరిగ్గా తొమ్మిదిమందైతే ఎన్నిక అక్కర్లేదు, అందరూ కలిసి సంతకం పెట్టి సభగా ప్రకటించుకుంటారు. పదిమందీ ఆ పైన అయితే చీటీలు. పోటీదారులు లేరు, నామినేషన్ లేదు, ప్రచారం లేదు. ఫలానా ఆయన బాగుంటాడు అని చెవిలో చెప్పడం కూడా తప్పే. ప్రార్థన చేసి, తెలిసిన అందరిలోంచి తొమ్మిది పేర్లు రాయాలి. ఎనిమిది రాసినా పది రాసినా ఆ చీటీ చెల్లదు. ఒకే పేరు రెండుసార్లు రాసినా లెక్క తప్పుతుంది. తన పేరు తాను రాసుకోవచ్చు. రాలేనివాళ్ళు చీటీని ఒక కవరులో పెట్టి అతికించి, దాన్ని మరో కవరులో పెట్టి, పై కవరు మీద తమ పేరు రాసి పంపాలి. పై కవరు చూసి ఓటరు జాబితాలో టిక్కు పెట్టుకుని, లోపలి కవరును పెట్టెలో వేస్తారు. ఎవరి చీటీ ఏదో ఎవరికీ తెలియదు.

ఎక్కువ ఓట్లొచ్చిన తొమ్మిదిమందే సభ. తొమ్మిదో స్థానం కోసం ఇద్దరికి సమానంగా వస్తే వాళ్ళిద్దరి మధ్యే మళ్ళీ ఓటు. అయితే ఆ ఇద్దరిలో ఒకరు ఆ సమాజంలో అల్పసంఖ్యాక వర్గం వాళ్ళైతే మళ్ళీ ఓటు లేకుండా వాళ్ళనే తీసుకుంటారు. నాకు ఈ నియమం చాలా ఇష్టం. ఓట్లు లెక్కపెట్టేవాళ్ళకు సమోవాలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంటుంది. మతాయి పట్టం వచ్చాక మనిషిని పట్టం పేరుతోనే పిలుస్తారు. చీటీ మీద ఒకరు పాత పేరు, ఇంకొకరు పట్టం పేరు రాస్తే అవి రెండూ ఒకే మనిషివని పోల్చుకోవాలి. అదే పట్టం ఇద్దరు ముగ్గురికి కలిపి ఉండొచ్చు కూడా. ఎన్నికకు ముందే ఓటరు జాబితాలో రెండు పేర్లూ పక్కపక్కన రాసిపెట్టుకోకపోతే లెక్కింపు దగ్గర తంటాలే.

సభ కూర్చున్నాక సంప్రదింపు. ఐదుగురుంటే కోరం. ఫోనోలో ఎవరి హోదాకు తగ్గ స్తంభం దగ్గర వాళ్ళు కూర్చుంటారు, మాట్లాడే హక్కుకూ వరస ఉంటుంది. బహాయి సభలో అధ్యక్షుడు వరసగా అందరి అభిప్రాయమూ అడగాలి. చెప్పిన మాట బల్ల మీద పెట్టాక అది చెప్పినవాళ్ళది కాదు, సభది. ఏకాభిప్రాయం కుదరకపోతే ఎక్కువమంది మాట. బయటికొచ్చాక నేను కాదన్నాను అని ఎవరూ అనకూడదు. పెద్ద పట్టం ఉన్న ఆయన ముందుగా మాట్లాడేస్తే కుర్రవాళ్ళూ ఆడవాళ్ళూ నోరు విప్పరు. అందుకని వాళ్ళను ముందు అడిగి, పెద్దాయనను చివర అడగడం మంచిది. పుట్టినప్పటి నుంచీ ఫోనో చూసి పెరిగిన మనిషికి ఇది అలవాటు కావడానికి ఏళ్ళు పడుతుంది.

ఈ సమాజాన్ని ఏడాది పొడవునా నిలబెట్టింది మాత్రం పందొమ్మిది రోజుల విందు. బహాయి ఏడాదికి 19 నెలలు, నెలకు 19 రోజులు. మొత్తం 361. మిగిలిన నాలుగో ఐదో రోజులు దానధర్మాలకూ అతిథులకూ. ప్రతి నెల మొదటి రోజు అందరూ కలుస్తారు. ముందు ప్రార్థనలు, తర్వాత ఊరి సమాజం పనులు, నిధి లెక్కలు, సభకు సలహాలు, చివర ఆహారం. మధ్యభాగం ఎగ్గొట్టి ప్రార్థనా భోజనమూ మాత్రమే మిగిల్చితే విందు ఒట్టి కూడిక అయిపోతుంది. ఆహారం మంచినీళ్ళైనా చాలునన్నది నియమం. సమోవాలో అతిథి మర్యాద అలా ఊరుకోనివ్వదు. వేడి రాళ్ళ మీద ఆకులు కప్పి వండే ఉములో సీమపనస, చేమదుంప, లేత చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి మూటకట్టిన పాలుసామి అన్నీ ఉండాల్సిందే. ఒక ఇంటివాళ్ళు ఘనంగా పెడితే తర్వాతి ఇంటివాళ్ళు అంతకు తగ్గకూడదనుకుంటారు, పేదవాళ్ళు వంతు తీసుకోవడానికి వెనకాడతారు. దీనికి మందు ఒకటే, నీళ్ళు చాలన్న మాటను సభ తరచూ గుర్తుచేస్తూ ఉండటం.

నిధి సంగతి కూడా అంతే ముఖ్యం. సమోవాలోని చాలా చర్చిల్లో ఏ కుటుంబం ఎంత ఇచ్చిందో పేరుపెట్టి సభలో చదువుతారు. అది వాళ్ళ గౌరవానికి సంబంధించిన పాత ఆచారం. బహాయి నిధికి ఎవరు ఎంత ఇచ్చారన్నది కోశాధికారికి తప్ప తెలియకూడదు. బహాయిలు కానివాళ్ళ దగ్గర ఈ నిధికి పైసా తీసుకోరు. బయటి మనిషి ప్రేమతో ఇచ్చినా దాన్ని పేదల సాయానికో మరో మంచిపనికో మళ్ళిస్తారు.

ఉపవాసం చివరి నెలలో, అప్పట్లో మార్చి 2 నుంచి 20 దాకా, సూర్యోదయం నుంచి అస్తమయం వరకు నీళ్ళు కూడా లేకుండా. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు దగ్గరి రోజులు కాబట్టి అపియాలో పగలు పన్నెండు గంటల పైచిలుకు, మన విజయవాడలోనూ ఇంచుమించు అంతే. కానీ అక్కడ మార్చి అంటే ఇంకా వానాకాలం, ఉక్కపోత. తెల్లారకముందే కడుపునిండా నీళ్ళు తాగకపోతే మధ్యాహ్నానికి తల తిరుగుతుంది. 15 లోపు పిల్లలు, 70 దాటినవాళ్ళు, రోగులు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ప్రయాణంలో ఉన్నవాళ్ళు, ఒళ్ళువంచి కష్టం చేసేవాళ్ళు ఉండక్కర్లేదు. కొబ్బరితోటల్లో పనిచేసేవాళ్ళకు ఈ చివరి మినహాయింపు తెలియజెప్పడం అవసరం. ఉపవాసం విడిచే వేళా ఊళ్ళో సా వేళా దాదాపు ఒకటే కావడం అందంగా ఉంటుంది.

అంత్యక్రియల విషయంలో సమోవాకు మనవైపున్న ఇబ్బంది లేదు. బహాయి దేహాన్ని దహనం చేయకూడదు, పోయిన చోటి నుంచి గంట ప్రయాణానికి మించిన దూరం తీసుకెళ్ళకూడదు. స్నానం చేయించి, పట్టో నూలో గుడ్డ చుట్టి, పెట్టెలో ఉంచి ఖననం చేయాలి. తమవాళ్ళను ఇంటి ముందరి సొంత నేలలోనే ఖననం చేసుకోవడం సమోవన్లకు అనాదిగా అలవాటు. ఆంధ్రలోనో తెలంగాణలోనో దహనం ఆచారమైన ఇంట్లో ఒక్కరే బహాయి అయితే ఈ సంగతి ముందే ఇంట్లోవాళ్ళతో మాట్లాడి, రాతపూర్వకంగా పెట్టుకోవాలి. లేకపోతే ఆ దుఃఖంలో గొడవ తప్పదు.

ఇక రాజుగారు. 1967లో, రాజులకు బహావుల్లా బహిరంగ పిలుపునిచ్చి నూరేళ్ళైన సందర్భంగా, ఇజ్రాయెల్‌లో హైఫాలోని విశ్వ న్యాయ మందిరం, అంటే ప్రపంచ బహాయిల అత్యున్నత సభ, ఆ పిలుపుల సంకలనాన్ని దేశాధినేతలకు అందజేయించింది. సమోవాకు దాన్ని తెచ్చిన వ్యక్తి డాక్టర్ ఉగో జాకెరి. ఇటలీ ఆయన, కార్మెల్ కొండ మీద బాబ్ సమాధి మందిరానికి కావలసిన చలువరాళ్ళను ఇటలీలో చెక్కించి పంపిన మనిషి. మాలియెతోవా చదివారు, ప్రశ్నలడిగారు. 1968 ఫిబ్రవరిలో తన విశ్వాసాన్ని ప్రకటించారు. ఆ సంగతి లోకానికి తెలిసింది మాత్రం 1973లో. ఐదేళ్ళ ఆ మౌనం నాకు ఎంతో గొప్పగా కనిపిస్తుంది. 1830లో ఒక మాలియెతోవా కదిలితే దీవులు వెంట నడిచాయి. ఈ మాలియెతోవా తన పట్టాన్ని అలా వాడలేదు. ధర్మమూ అడగలేదు. స్వాతంత్ర్యం తర్వాత ఆయన పదవి పార్టీలకు అతీతమైనది కాబట్టి, రాజకీయ పక్షాల్లో చేరకూడదన్న బహాయి నియమానికీ దానికీ పేచీ రాలేదు. రాజు బహాయి అయినా దేశం మాత్రం క్రైస్తవంగానే ఉండిపోయింది. 2000 ప్రాంతంలో సైతం అక్కడి బహాయిలు కొద్దిమంది మాత్రమే. చెరసాల నుంచి రాజులకు రాసిన ఉత్తరాలకు నూరేళ్ళకు వచ్చిన ఆ జవాబు విలువ, దాని వెంట ఎంతమంది వచ్చారన్న లెక్కతో తేలేది కాదు.

జాతీయ సభ 1970లో ఏర్పడింది. అంతకుముందు 1959 నుంచి దక్షిణ పసిఫిక్ దీవులన్నిటికీ కలిపి సువాలో ఒక ప్రాంతీయ సభ ఉండేది. సువా అంటే మన తెలుగు గిర్మిటియాల, అంటే ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళ, మనవలూ మునిమనవలూ ఉన్న ఫిజీ రాజధాని. ఫిజీ నుంచి సమోవాకు సముద్రం మీద వెయ్యి కిలోమీటర్ల పైనే.

తర్వాత గుడి. అపియా పైన తియాపపాతా కొండమీద. 1979 జనవరి 27న షోఘి ఎఫెండి సతీమణి రూహియ్యే ఖానుమ్ సమక్షంలో మాలియెతోవా పునాదిరాయి వేశారు. నమూనా గీసింది హుసేన్ అమానత్. టెహ్రాన్‌లో ఇప్పుడు ఆజాదీ అంటున్న బురుజు ఆయన ఇరవైల్లో గీసిందే. పునాదిరాయి పడడానికి పదకొండు రోజుల ముందే షా ఇరాన్ వదిలి వెళ్ళిపోయాడు. విప్లవం తర్వాత ఇరాన్‌లో బహాయిల మీద చెరలూ ఉరులూ మొదలై, బాబ్ ఇల్లు కూడా కూల్చేశారు. ఆ ఏళ్ళలోనే సమోవా కొండమీద గోడలు లేచాయి. 1984 సెప్టెంబరు 1న తలుపులు తెరిచారు. ఢిల్లీ లోటస్ టెంపుల్ కంటే రెండేళ్ళు ముందు.

ముప్పై మీటర్ల ఎత్తు గోపురం, తొమ్మిది పక్కలు, తొమ్మిది ద్వారాలు. అరబ్బీ అక్షరాల లెక్కలో బహా అన్న మాట విలువ తొమ్మిది, ఏకాంకెల్లో పెద్దదీ అదే. గోడల్లేని సమోవన్ ఇల్లు, ఫలే, ఆకారమే దానికి ప్రేరణ. లోపల విగ్రహాలు, పటాలు ఉండవు. ప్రసంగం చేయకూడదు, వాయిద్యం మోగకూడదు. అన్ని మతాల పవిత్ర గ్రంథాల నుంచి చదవొచ్చు, గొంతుతో పాడొచ్చు. మరో దేశంలో వాయిద్యాల్లేని పాట అంటే ఏదో లోటనిపించవచ్చు. సమోవన్లకు నాలుగు గొంతుల్లో కలిపి పాడటం ఉగ్గుపాలతో వచ్చిన విద్య. గోపురం కింద ఆ గొంతులు కలిసినప్పుడు వాయిద్యం ఎందుకన్న ప్రశ్నే రాదు. 1990లో ఓఫా, 1991లో వాల్ తుఫానులు దీవుల్ని చిందరవందర చేసినా గుడి నిలిచే ఉంది. 1989 జులైలో సమోవాకు వచ్చి ఉండగానే కన్నుమూసిన జాకెరిని ఆ ప్రాంగణంలోనే ఖననం చేశారు. మాలియెతోవా 2007 మే 11న, 94 ఏళ్ళ వయసులో కన్నుమూసే దాకా దేశాధినేతగానే ఉన్నారు.

ఈ మధ్య పండుగలకు తేదీలు చూసేవాళ్ళకు రెండు మార్పులు తెలియాలి. 2015 నుంచి బహాయి కొత్త సంవత్సరం టెహ్రాన్‌లో విషువత్తు పడే ఘడియను బట్టి మార్చి 20న గానీ 21న గానీ వస్తుంది, దాన్నిబట్టి ఉపవాసమూ రిద్వానూ ఒక రోజు ముందుకో వెనక్కో జరుగుతాయి. రెండోది సమోవాకే ప్రత్యేకం. 2011 డిసెంబరు 30ని ఆ దేశం క్యాలెండర్ నుంచి తీసేసి అంతర్జాతీయ దినరేఖకు ఇవతలికి వచ్చింది. పక్కనే అమెరికా ఏలుబడిలో ఉన్న అమెరికన్ సమోవా రానే లేదు. అంతకుముందు లోకంలో చివరగా పొద్దుగూకే చోట్లలో ఒకటైన అపియాలో ఇప్పుడు చాలా దేశాలకంటే ముందు కొత్త రోజు మొదలవుతుంది. అమెరికన్ సమోవాలోని పాంగో పాంగోలో అదే విందు ఇరవై నాలుగు గంటల తర్వాత. రెండు దీవుల్లోనూ చుట్టాలున్న కుటుంబం ముందు రోజు అపియాలో భోంచేసి, విమానమెక్కి, నిన్నటి తేదీలోకి దిగి మళ్ళీ విందుకు కూర్చోవచ్చు.